శాంపిళ్లను టెర్మినల్‌లోనే సరిచూసుకోవడానికి ఏ టూల్ వాడాలి, అసలు వాడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్నారు. కోడ్‌ఫోర్సెస్, ఎట్‌కోడర్ అనే ప్రోగ్రామింగ్ పోటీల సైట్లలో రోజుకు రెండు మూడు ప్రాబ్లమ్స్ చేస్తున్నారు. కోడ్ మార్చిన ప్రతిసారీ బ్రౌజర్‌లోని శాంపిల్‌ను (ప్రాబ్లంతో ఇచ్చే ఉదాహరణ ఇన్‌పుట్, దాని జవాబు) కాపీ చేసి, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో పేస్ట్ చేసి, వచ్చిన జవాబును కంటితో పోల్చుకుంటున్నారు. డౌన్‌లోడ్, టెస్ట్, సబ్మిట్ మూడూ టెర్మినల్ నుంచే జరిపించే టూల్ ఏది, దాన్ని నేర్చుకోవడానికి పెట్టే సమయం దండగ కాదా అని అడిగారు.

దండగ కాదు. "ఆన్‌లైన్ జడ్జ్ టూల్స్" అనే పైథాన్ ప్యాకేజీని పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే కమాండ్) ద్వారా వేసుకోండి. దాని కమాండ్ పేరు "ఓజే". అయితే డౌన్‌లోడ్, టెస్ట్ పనులను దానికి అప్పగించండి. సబ్మిట్‌ను మాత్రం బ్రౌజర్‌లో మీ చేతితోనే చేయండి. మీరు అడిగిన మూడు పనుల్లో అసలు మేలు చేసేది నడిమిదే. డౌన్‌లోడ్ వల్ల ప్రాబ్లంకు ఒక నిమిషం మిగులుతుంది, సబ్మిట్ వల్ల పది సెకన్లు మిగులుతాయి, టెస్ట్ వల్ల మీ తప్పు మీకే ముందుగా తెలుస్తుంది. నేను బెంగళూరులో పదకొండేళ్లుగా బ్యాకెండ్ పనిలో ఉన్నాను. ఆదివారం ఉదయాల్లో కగ్గదాసపురలోని మా ఇంట్లో ఏడెనిమిది మంది తెలుగు పిల్లలు చేరి ఇవే ప్రాబ్లమ్స్ చేస్తుంటారు. కింద రాసేదంతా వాళ్లతో పాటు కూర్చుని చూసినదే.

ముందుగా పనితీరు. ప్రతి ప్రాబ్లంకు ఒక ఫోల్డర్ పెట్టుకుని, అందులోకి వెళ్లి, ఓజే డౌన్‌లోడ్ కమాండ్ పక్కన ప్రాబ్లం పేజీ చిరునామా ఇస్తే, అక్కడ "టెస్ట్" అనే ఉపఫోల్డర్ ఏర్పడి, ఒక్కొక్క శాంపిల్‌కు ఇన్‌పుట్ ఒక ఫైల్, రావలసిన అవుట్‌పుట్ ఒక ఫైల్ చొప్పున జంటలుగా పడతాయి. సీ ప్లస్ ప్లస్ వాడేటప్పుడు కంపైల్ చేసి ఓజే టెస్ట్ అంటే చాలు; పేరు ఇవ్వకపోతే "ఏ డాట్ అవుట్"ను అదే వెతికి నడుపుతుంది. పైథాన్‌కైతే మైనస్ సీ ఆప్షన్ ఇచ్చి, మీ ప్రోగ్రామును నడిపే కమాండును కొటేషన్లలో రాయాలి. ఏ శాంపిల్ సరిపోయిందో, ఏది సరిపోలేదో, అన్నిటికంటే ఎక్కువ సమయం దేనికి పట్టిందో చూపిస్తుంది. జవాబు దశాంశ సంఖ్య అయినప్పుడు మైనస్ ఈ ఆప్షన్‌తో ఎంత తేడాను క్షమించవచ్చో చెప్పాలి, లేకపోతే చివరి అంకె వేరైనా తప్పనే అంటుంది. మీ సొంత టెస్టులు చేర్చాలంటే అదే ఉపఫోల్డర్‌లో మరో జంట ఫైళ్లు పెడితే సరిపోతుంది. నా లెక్కన ఈ ఒక్క సౌకర్యం కోసమైనా టూల్ వాడవచ్చు, ఎందుకంటే పేస్ట్ చేసే అలవాటున్నవారు సొంత టెస్టును ఒకసారి నడిపి వదిలేస్తారు, ఫైల్‌గా ఉన్న టెస్టు కోడ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ నడుస్తుంది.

డౌన్‌లోడ్ ఎప్పుడూ పని చేస్తుందని మాత్రం నమ్మకం పెట్టుకోకండి. ఇలాంటి టూల్స్‌లో చాలావరకు ప్రాబ్లం పేజీని తెచ్చుకుని, అందులో శాంపిల్ ఎక్కడుందో వెతికి తీస్తాయి. సైటు వాళ్లు పేజీ రూపం మార్చినా, వచ్చినది మనిషా యంత్రమా అని అడిగే తనిఖీ పెట్టినా కమాండ్ చేతులెత్తేస్తుంది. అప్పుడు "కాంపిటీటివ్ కంపానియన్" అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఆదుకుంటుంది. మీరు మామూలుగా బ్రౌజర్‌లో పేజీ తెరిచి దాని గుర్తు నొక్కితే, పేజీలోని శాంపిళ్లను, టైమ్ లిమిట్‌ను, మెమరీ లిమిట్‌ను ఏరి మీ కంప్యూటర్‌లోనే ఉన్న ఒక పోర్టుకు (ప్రోగ్రాములు సమాచారం అందుకునే ద్వారానికి) జేసాన్ అనే పాఠ్యరూపంలో పంపుతుంది. ఆ పోర్టు దగ్గర కాచుకుని కూర్చుని, వచ్చినదాన్ని ఫైళ్లుగా రాసే పైథాన్ ప్రోగ్రామ్ ముప్పై లైన్లు మించదు. మా ఆదివారం పిల్లల చేత మొదట రాయించేది ఇదే. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక చిన్న ప్రాజెక్టు కూడా అయింది.

ఇక సబ్మిట్ చేతితోనే అని ఎందుకన్నానో చెబుతాను. మొదటి కారణం సాంకేతికమైనది. సైటు తయారు చేయని టూల్ మీ పేరుతో లాగిన్ కావాలంటే దానికి పాస్‌వర్డో, మీరు లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తు, అంటే కుకీయో ఇవ్వాలి, పైన చెప్పిన తనిఖీలు లాగిన్ దగ్గరే ఎక్కువ. పోటీ మధ్యలో, రాత్రి 8.40 దాటాక, సబ్మిట్ కమాండ్ ఎందుకు కదలడం లేదో వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. రెండవది పెనాల్టీ. ఎట్‌కోడర్ బిగినర్ పోటీలో ఒక తప్పు సబ్మిషన్‌కు 5 నిమిషాలు కలుస్తాయి, కాలేజీ జట్ల పోటీ ఐసీపీసీ పద్ధతిలో 20 నిమిషాలు, కోడ్‌ఫోర్సెస్ మామూలు రౌండ్లలో 50 పాయింట్లు పోతాయి. టెస్టు, సబ్మిట్ రెంటినీ ఒకే కమాండులో కలిపి పెట్టుకున్న ఒక కుర్రాడు మా గుంపులో ఉండేవాడు. శాంపిళ్లు సరిపోగానే కోడ్ దానంతటదే వెళ్లిపోయేది. శాంపిళ్లు సరిపోవడమే జవాబు సరి కావడమని అతని చేతికి అలవాటైంది, తలకు కాదు. ఆ ముడి విప్పించి, బ్రౌజర్‌లో సబ్మిట్ నొక్కే ముందు ఇన్‌పుట్ హద్దులను ఒకసారి పైకి చదవమన్నాను. రెండు వారాల్లోనే అతని తప్పు సబ్మిషన్లు సగానికి దిగాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది: కమాండ్ లైన్ టూల్‌ను సైటు వాళ్లే తయారు చేసి ఇస్తే నిశ్చింతగా దానితోనే సబ్మిట్ చేయండి. ప్రోగ్రామింగ్ భాషల అభ్యాసాలిచ్చే సైటు ఎక్సర్సిజం అలాంటిది. కేట్రినా ఓవెన్ 2013లో మొదలుపెట్టిన ఆ సైటులో పనంతా కమాండ్ లైన్‌ను దృష్టిలో పెట్టుకునే అమర్చారు. సెట్టింగ్స్ పేజీలోని టోకెన్‌ను (మిమ్మల్ని గుర్తించే రహస్య పదాన్ని) కాన్ఫిగర్ కమాండుకు ఒకసారి ఇస్తే, ఆ తర్వాత భాష పేరు, అభ్యాసం పేరు చెప్పి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. టెస్టులన్నీ ఆ ఫోల్డర్‌లోకే వస్తాయి, దాచినవేమీ ఉండవు. కొత్త భాష నేర్చుకునేవారికి, ముఖ్యంగా పైథాన్ నుంచి గో, రస్ట్ వంటి భాషలకు మారేవారికి నేను ముందు దానినే చూపిస్తాను. కాటిస్ అనే ప్రాబ్లమ్స్ సైటు కూడా తన సొంత సబ్మిట్ ప్రోగ్రామును, దానికి కావలసిన కాన్ఫిగరేషన్ ఫైలును తానే ఇస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శాంపిళ్లు సరిపోవడం ఆరంభం మాత్రమే. టూల్ విలువంతా స్ట్రెస్ టెస్టులో ఉంది. అంటే మూడు ప్రోగ్రాములు పెట్టుకోవడం: వేగంగా నడిచే మీ అసలు పరిష్కారం ఒకటి, నత్తనడకైనా కచ్చితంగా సరైన మొరటు పరిష్కారం ఒకటి, యాదృచ్ఛికంగా ఇన్‌పుట్ పుట్టించే జనరేటర్ ఒకటి. జనరేటర్ ఇచ్చిన ప్రతి ఇన్‌పుట్‌ను రెండు పరిష్కారాలకూ ఇచ్చి, జవాబులు వేరైన చోట ఆగిపోవాలి. ఓజేలో ఇన్‌పుట్ పుట్టించే కమాండుకు "హ్యాక్" అనే ఆప్షన్ ఇస్తే ఈ పనంతా అదే చేసి, తేడా పడిన ఇన్‌పుట్‌ను ఫైల్‌గా దాచి ఇస్తుంది.

ఒక సందర్భం చెబుతాను. అనంతపురం నుంచి వచ్చిన ఒక అబ్బాయి, హోటల్‌కు వచ్చిపోయే అతిథుల వేళలు ఇచ్చి ఏ క్షణంలోనైనా గరిష్ఠంగా ఎంతమంది ఉన్నారో చెప్పమనే తరహా ప్రాబ్లం చేస్తూ, నాలుగు తప్పు సబ్మిషన్ల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. రాకలు, పోకలు అన్నిటినీ ఒకే వరుసలో క్రమబద్ధం చేసి, వస్తే ఒకటి కలిపి, పోతే ఒకటి తీసేసే పద్ధతి. పద్ధతి సరైనదే. మొరటు పరిష్కారం రాయమంటే, సమయం వృథా కాదా అన్నట్టు చూశాడు. రాయడానికి ఆరు నిమిషాలు పట్టింది, నడిపిస్తే నలభై ఇన్‌పుట్లు దాటకముందే ఆగింది. ఉన్నది ఇద్దరే అతిథులు. ఒకతను 1కి వచ్చి 3కు పోయాడు, ఇంకొకతను 3కు వచ్చి 5కు పోయాడు. పోయేవాడిని ముందు లెక్కించాలా, వచ్చేవాడిని ముందు లెక్కించాలా అన్నదే తేడా. శాంపిళ్లలో ఒకే సమయానికి రాక, పోక కలిసిన ఉదాహరణ లేనే లేదు.

ఇక్కడ కిటుకంతా జనరేటర్‌లో ఉంది. కొత్తవారు సాధారణంగా 1 నుంచి 100 కోట్ల దాకా యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టిస్తారు, వాటిలో రెండు సమానం కావడం దాదాపు జరగదు, దాంతో సమానమైన విలువల దగ్గర దాగిన తప్పు వెయ్యి టెస్టుల్లోనూ బయటపడదు. సంఖ్యలు ఆరుకు మించకుండా, వాటి విలువలు 1 నుంచి 5 లోపే ఉండేలా పెట్టండి. అప్పుడు ప్రతి ఇన్‌పుట్‌లోనూ ఏదో ఒక తగాదా ఉంటుంది, పైగా తప్పు దొరికినప్పుడు కాగితం మీద చేతితో చేసి చూడగలిగినంత చిన్నదిగా ఉంటుంది. మీరే సొంతంగా లూపు రాసుకుంటే జనరేటర్‌కు సీడ్‌ను (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను నిర్ణయించే మొదటి సంఖ్యను) కమాండ్ లైన్ నుంచే ఇవ్వండి, లేకపోతే తప్పు దొరికిన ఇన్‌పుట్ మళ్లీ పుట్టదు.

దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. చిన్న ఇన్‌పుట్లతో ఓవర్‌ఫ్లో (సంఖ్య దాని రకంలో పట్టకుండా పొంగిపోవడం) ఎప్పటికీ దొరకదు. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు పూర్ణసంఖ్య రకం ఇంట్ 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. 2 లక్షల సంఖ్యలు ఒక్కొక్కటి 100 కోట్ల దాకా ఉంటే మొత్తం దానికి లక్ష రెట్లకు చేరువగా వెళుతుంది. అందువల్ల గరిష్ఠ హద్దుల్లో ఒక పెద్ద ఇన్‌పుట్‌ను విడిగా పుట్టించి, నడుస్తుండగా తప్పులు పట్టే శానిటైజర్ ఆప్షన్లు పెట్టి కంపైల్ చేసిన ప్రోగ్రాముకు ఇవ్వండి. జీసీసీ కంపైలర్‌లో "అన్‌డిఫైన్డ్" శానిటైజర్ ఓవర్‌ఫ్లో జరిగిన లైన్ నంబరుతో సహా చెబుతుంది, "అడ్రెస్" శానిటైజర్ అర్రే హద్దు దాటిన చోటును చెబుతుంది. వాటితో ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది కాబట్టి సమయం కొలిచేటప్పుడు వాటిని తీసేసి, వేగం పెంచే ఓ2 ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేయాలి. మరొకటి, ప్రశ్నను మీరే తప్పుగా చదివి ఉంటే రెండు పరిష్కారాలూ ఒకే తప్పు చేస్తాయి, స్ట్రెస్ టెస్ట్ హాయిగా అంతా సరే అంటుంది. వీలైతే మొరటు పరిష్కారాన్ని గదిలోని స్నేహితురాలి చేత రాయించండి. మా ఇంట్లో ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెట్టేది ఇందుకే.

టూల్ తప్పంటే మీ కోడ్ తప్పని కాదు. "సరైన జవాబుల్లో ఏదైనా ఒకటి ప్రింట్ చేయండి" అని ఉన్న ప్రాబ్లంలో మీ జవాబు సరైనదైనా శాంపిల్‌కు భిన్నంగా ఉండవచ్చు. అక్కడ జవాబును పరీక్షించే చిన్న చెకర్ ప్రోగ్రామ్ మీరే రాసి ఓజేకు ఇవ్వవచ్చు, లేదా ఆ ప్రాబ్లం వరకు కంటితోనే చూసుకోవచ్చు. అలాగే మీ ప్రోగ్రామ్ జడ్జ్‌తో ప్రశ్న, జవాబులుగా మాట్లాడే ఇంటరాక్టివ్ ప్రాబ్లంలో ఇన్‌పుట్ ఫైల్ అంటూ ఉండదు. ప్రతి ప్రింట్ తర్వాత ఫ్లష్ చేయడం (అవుట్‌పుట్‌ను వెంటనే బయటికి పంపడం) మరవకండి, ఓజేలో దాని టెస్ట్ కమాండ్ కూడా వేరే.

టూల్ ఏదీ వేసుకోకుండా టెర్మినల్ స్క్రిప్టు భాష బ్యాష్‌లో పది లైన్లలో సొంతంగా రాసుకోవచ్చా అని మీరు అడగలేదు కానీ, రాసుకోవచ్చు. ప్రతి ఇన్‌పుట్ ఫైల్‌కు ఒక లూపు, టైమవుట్ కమాండుతో రెండు సెకన్ల హద్దు, రెండు ఫైళ్ల తేడా చూపే డిఫ్‌తో పోలిక. టైమవుట్ 124 అనే కోడ్ తిరిగి ఇస్తే సమయం మించిందని అర్థం. మీ పాత ల్యాప్‌టాప్‌కు ఇది ఏమాత్రం బరువు కాదు. డిఫ్ వాడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. విండోస్ ఎడిటర్‌లో దాచిన ఫైళ్లలో లైన్ చివర కంటికి కనబడని ఒక అక్షరం అదనంగా ఉంటుంది. కడప అబ్బాయి ఒకడు, రెండు జవాబులూ అచ్చంగా ఒకేలా ఉన్నా డిఫ్ ప్రతి లైనూ వేరంటోందని గంటసేపు తల పట్టుకున్నాడు. క్యాట్ కమాండుకు పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూపిస్తే, ఒక ఫైల్‌లో మాత్రం ప్రతి లైన్ చివర టోపీ గుర్తు, ఎం అక్షరం బయటపడ్డాయి. డిఫ్‌కే ఆ అక్షరాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది, ముందే పెట్టుకోండి.

డిసెంబరులో మీరు అడ్వెంట్ ఆఫ్ కోడ్ కూడా చేస్తారని అనుకుంటున్నాను. ఎరిక్ వాస్ట్ల్ 2015లో మొదలుపెట్టిన ఆ పజిళ్లు పదేళ్లపాటు రోజుకొకటి చొప్పున 25 వచ్చేవి, 2025 నుంచి 12కు తగ్గాయి. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి విడుదలవుతాయి కాబట్టి మనకు ఉదయం 10.30, ఈ ఊళ్లో సగం ఆఫీసులకు అది స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగ్) వేళ. అక్కడ పద్ధతి వేరు. ప్రతి ఒక్కరికీ వేరే ఇన్‌పుట్ ఇస్తారు, కోడ్ అడగరు, జవాబు సంఖ్యను మాత్రమే అడుగుతారు. ఇన్‌పుట్‌ను తెచ్చే కమాండ్ లైన్ టూల్స్ చాలా ఉన్నాయి, అన్నీ మీ బ్రౌజర్‌లోని సెషన్ కుకీతోనే పని చేస్తాయి. అది నడిపేది వ్యక్తిగతంగా ఒకరు కాబట్టి, టూల్స్ రాసేవారిని ఆయన కోరేవి కొన్ని ఉన్నాయి: ఒకసారి తెచ్చిన ఇన్‌పుట్‌ను దాచుకుని మళ్లీ మళ్లీ అడగకూడదు, అభ్యర్థనల మధ్య ఎడం ఉండాలి, యూజర్ ఏజెంట్‌లో (అడుగుతున్నదెవరో సైటుకు చెప్పే వరుసలో) టూల్ రాసినవారిని సంప్రదించే వివరం ఉండాలి, పజిల్ పాఠాన్ని గానీ ఇన్‌పుట్‌ను గానీ బహిరంగంగా పెట్టకూడదు. విడుదలకు ముందు నుంచే సెకనుకొకసారి సైటును తట్టే లూపు రాసిన ఒకరిని నేను గట్టిగానే మందలించాను.

ఆ కుకీ విషయంలోనే ఇంకొక జాగ్రత్త. కుకీ, టోకెన్ ఏదైనా పాస్‌వర్డ్‌తో సమానమే. ప్రాబ్లమ్స్ ఫోల్డర్ మొత్తాన్ని గిట్‌హబ్‌కు ఎక్కిస్తూ దానితో పాటు కుకీ ఫైలును కూడా ఎక్కించిన సంఘటన మా గుంపులోనే జరిగింది. ఆ ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్ బయట, మీ హోమ్ ఫోల్డర్‌లో, మీరు తప్ప ఇంకెవరూ చదవలేని 600 అనుమతితో ఉంచండి. ఒకవేళ ఎక్కించేస్తే ఫైలును తొలగించడం చాలదు, గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ సైటులో లాగౌట్ చేయడమో, టోకెన్ మార్చడమో చేయాలి. ఉద్యోగం వచ్చాక కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఇవేవీ వేసుకోకండి, దాని సంగతి వేరే చర్చ.

ఇంటర్వ్యూ ప్రాబ్లమ్స్ సైటు లీట్‌కోడ్ గురించి ఒక్క మాట. అక్కడ మీరు రాసేది ఫంక్షన్, ఇన్‌పుట్ చదివే పని వాళ్లే చేస్తారు, అందువల్ల పైన చెప్పిన పద్ధతి నేరుగా అతకదు. దానికి బయటివారు రాసిన టూల్స్ ఉన్నా నేను సిఫార్సు చేయను. ఫంక్షన్ కింద నాలుగు లైన్ల మెయిన్ రాసుకుని అసెర్ట్‌లు (జవాబు ఇదే కావాలని తనిఖీ చేసే లైన్లు) పెట్టుకుంటే సరిపోతుంది. ఈ ఊళ్లో ఉద్యోగాలకు పెట్టే ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు బ్రౌజర్‌లోనే జరుగుతాయి, ట్యాబ్ మారితే లెక్కిస్తారు, మీ టెర్మినల్ అక్కడ ఉండదు. అందుకని పరీక్షకు పది రోజుల ముందు టూల్స్ అన్నీ పక్కన పెట్టి, బ్రౌజర్ ఎడిటర్‌లోనే, కాగితం మీద టెస్టులు రాసుకుంటూ చేయండి. మా గుంపులో ఒక అమ్మాయి ఈ మార్పు చేసుకోకుండా వెళ్లి, కోడ్ రాసేసి టెస్ట్ కమాండ్ కోసం చేతులు వెతుక్కుంటే మొదటి పావుగంట పోయిందని చెప్పింది.

సమయం సంగతికొస్తే, వేసుకుని శాంపిళ్లు నడిపించడానికి ఒక సాయంత్రం, స్ట్రెస్ టెస్ట్ చేతికి అలవాటు కావడానికి మూడు నాలుగు ప్రాబ్లమ్స్ పడతాయి. కొత్త ప్రాబ్లంతో మొదలుపెట్టకండి. ఇదివరకు మీకు తప్పని వచ్చి, కారణం తెలియక వదిలేసిన ప్రాబ్లం ఒకటి తప్పక ఉంటుంది. ఆ పాత కోడును తీసి, దానికొక మొరటు పరిష్కారం, ఒక జనరేటర్ రాసి నడిపించండి. ఎక్కడ ఆగిందో ఆ ఇన్‌పుట్‌ను ఇక్కడ రాస్తే కలిసి చూద్దాం.